అలల మీద అన్నం
చిన్న తెరచాప పడవలో ఓవెన్ ఉండాలా? సగం జవాబు మన వంటింట్లోనే ఉంది

భిలాయ్ నుంచి సముద్రం చూడాలంటే రైలెక్కాల్సిందే. పక్కనున్న దుర్గ్‌లో బయలుదేరి విశాఖ చేరడానికి వందేభారత్‌కు కూడా సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. అయినా ఈ ఉక్కునగరానికి సముద్రంతో చుట్టరికం ఉంది. 2022లో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు ఉక్కు పంపిన సెయిల్ కర్మాగారాల్లో భిలాయ్ ఒకటి. ఆ నౌకలో వంటకు దిగుల్లేదు. చపాతీలూ ఇడ్లీలూ యంత్రాలే చేసిపెడతాయి. అసలు చిక్కంతా 55 అడుగుల పడవలో కుక్కర్ పెట్టాల్సి వచ్చినప్పుడే.

ఆ చిక్కును రుచి చూసినవారిలో ఇద్దరు తెలుగువారున్నారు. విశాఖకు చెందిన లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన లెఫ్టినెంట్ బి. ఐశ్వర్య. 'నావికా సాగర్ పరిక్రమ' పేరుతో ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో బయలుదేరి, దాదాపు 21,600 నాటికల్ మైళ్లు చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. మధ్యలో న్యూజిలాండ్ నుంచి ఫాక్లాండ్ దీవుల దాకా సుమారు 40 రోజులు నేల మీద కాలు పెట్టని ప్రయాణం. ఎముకలు కొరికే చలి, ఇంటి ఎత్తు అలలు. అక్కడ వేడి భోజనం కూడా పడవ నడపడంలో భాగమే. తడిసి ముద్దయి డెక్ దిగిన మనిషికి కడుపులో వెచ్చగా ఏదీ పడకపోతే చేతులు మొద్దుబారతాయి, బుర్ర మందగిస్తుంది. ఆ తర్వాత ఒక్క ముడి సరిగా పడకపోయినా చాలు, ప్రమాదమే.

కానీ ఆ వెచ్చదనం కోసం పొయ్యి వెలిగించడమే పెద్ద సాహసం. పడవ ఒక పక్కకు ఒరిగే నడుస్తుంది. అందుకే స్టవ్‌ను రెండు వైపులా ఇరుసుల మీద ఊయలలా వేలాడదీస్తారు. పడవ ఎటు ఒరిగినా గిన్నె మట్టంగానే ఉంటుంది. గిన్నెలు జారకుండా చుట్టూ కమ్మీలు, వంట చేసేవారు తూలిపడకుండా నడుముకు పట్టీ. ఇంకో ప్రమాదం గ్యాస్. ఎల్‌పీజీ గాలికన్నా బరువు. లీకైతే పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. సిలిండర్‌ను బయటి అరలో పెట్టి, వంట కాగానే వాల్వ్ కట్టేసేది అందుకే. మరిగే నీళ్లు ఒంటి మీద పడితే దగ్గర్లోని ఆస్పత్రి వేల కిలోమీటర్ల దూరం.

ఇక ఓవెన్ సంగతి. సముద్రంలో ఇరవయ్యో రోజున తాజా బ్రెడ్ వాసన ఇచ్చే ఉత్సాహం తక్కువేమీ కాదు. అయితే ఓవెన్ గ్యాస్ ఎక్కువ తాగుతుంది, ఉష్ణమండలంలో క్యాబిన్‌ను కొలిమి చేస్తుంది. పైగా తలుపు తెరిచి దాని మీద ట్రే పెడితే ఊయల స్టవ్ తూకం తప్పి ముందుకు వాలుతుంది. పైన టీ కాగుతుంటే అంతే సంగతులు.

మనవాళ్లకు ఓవెన్ లేకపోవడం కొత్తేమీ కాదు. దిబ్బరొట్టెను మందపాటి మూకుడులో వేసి, పైనా కిందా నిప్పులతో కాల్చిన వంటిల్లు మనది. పడవలో నిప్పుల ముచ్చట కుదరదు గానీ మందపాటి గిన్నె, బిగుతైన మూత, సన్నటి మంట చాలు. రొట్టెకు పెనం ఎలాగూ ఉంది.

అన్నిటికన్నా పనికొచ్చేది ప్రెషర్ కుక్కర్. దాని మూత బిగిసే ఉంటుంది కాబట్టి కింద పడినా పప్పు ఒలికే భయం తక్కువ. లోపలి వేడి 120 డిగ్రీల దాకా వెళ్లడంతో గ్యాస్ కలిసొస్తుంది. దించి తువ్వాలు చుట్టి ఉంచితే తర్వాతి డ్యూటీ వారికీ వేడి మిగులుతుంది. పప్పూబియ్యం సగానికి మించి నింపకపోవడం ఇంట్లోనూ నియమమే, పడవలో మరీ ముఖ్యం.

మంచినీళ్ల పొదుపుకూ దారులున్నాయి. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 3.5 శాతం. రేవుకు దూరంగా, శుభ్రమైన నీరు దొరికే చోట అన్నానికి మూడో వంతు ఆ నీళ్లు కలిపితే వేరే ఉప్పక్కర్లేదు. మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల సైన్యం కోసం రూపొందించిన తరహా రెడీమేడ్ ప్యాకెట్లనైతే పూర్తిగా సముద్రపు నీళ్లలోనే మరిగించుకోవచ్చు. గిన్నె కడిగే పని కూడా ఉండదు.

అయితే అనుభవం ఉన్నవారు మొదటి రోజు పొయ్యి జోలికే పోరు. కడుపులో తిప్పే రోజది. ఆ పూటకు ఒడ్డునే వండి తెచ్చుకుంటారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి భిలాయ్‌లో స్థిరపడ్డ కుటుంబాలకు ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. విశాఖ రైలెక్కేటప్పుడు వారు డబ్బాలో పెట్టుకునే పులిహోర, పడవ ఎక్కినా అంతే బాగా పనికొస్తుంది. చింతపండు పులుపుకు చెడదు, చల్లారినా రుచి పోదు, ఒంటిచేత్తో తినొచ్చు. రెండో చెయ్యి తాడు పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి కదా!