మూడు రోజుల గడువు

మన ఆసుపత్రుల్లో రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ మాట చెవిన పడితే చాలు, కేన్సరేనని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. అయితే తుంటి కీలు మార్పించుకున్న మనిషిని, కుట్లు పచ్చిగా ఉండగానే, ఆ యంత్రం కిందికి చేర్చే సందర్భం ఒకటుంది. అతనికి గడ్డా లేదు, కంతీ లేదు. ఇంకా పుట్టని ఎముకను పుట్టనివ్వకుండా ఆపడానికే ఆ కరెంటు.

దెబ్బతిన్న కండలో ఒక్కోసారి ఎముక పెరుగుతుంది. ఊరికే సున్నం పేరుకోవడం కాదది. ముదిరితే లోపల మూలుగతో సహా అసలు సిసలు ఎముకే. మొదటి ప్రపంచయుద్ధంలో వెన్నుకు గాయమై కాళ్లు పడిపోయిన సైనికుల కీళ్ల చుట్టూ దీన్ని చూసి, ఫ్రాన్సులో ఆగస్టా డెజెరిన్-క్లుంప్కె, ఆండ్రే సెయిలియే 1918లో వివరంగా రాశారు. అప్పటికది అరుదైన వింత. 1960లలో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ తుంటి మార్పిడిని నమ్మదగిన ఆపరేషన్‌గా నిలబెట్టాక ఆ వింత కాస్తా మామూలైంది. చాలామందికి ఎక్స్‌రేలో మబ్బు తునకలా కనిపించి ఊరుకుంటుంది. కొద్దిమందికి మాత్రం తొడ ఎముకకూ కటి ఎముకకూ మధ్య వంతెన కట్టేస్తుంది. 1973లో బ్రూకర్ బృందం వేసిన నాలుగు మెట్ల లెక్కలో ఇది చివరి మెట్టు. హాయిగా నడుద్దామని మార్పించుకున్న కీలు కాస్తా బిగుసుకుపోతుంది. కోసి తీసేద్దామా అంటే, ఆ కోతే మళ్లీ కొత్త ఎముకకు పిలుపు.

పిలుపు అని ఊరికే అనలేదు. 1965లో అమెరికాలో మార్షల్ యూరిస్ట్, ఖనిజం తీసేసిన ఎముక ముక్కను జంతువుల కండలో పెడితే అక్కడ కొత్త ఎముక మొలిచింది. ముక్కలోని ప్రోటీన్ చుట్టుపక్కల కణాలకు కబురు పెట్టిందన్నమాట. ఏమవ్వాలో ఇంకా తేల్చుకోని కణాలు ఆ కబురు అందుకుని ఎముక కట్టే మేస్త్రీలవుతాయి. అందుకు ముందు అవి విభజన చెంది మంది కావాలి. విభజనలో ఉన్న కణమే రేడియేషన్‌కు తేలిగ్గా లొంగుతుంది.

ఎదిగే ఎముకను ఎక్స్ కిరణాలు కుంటుపరుస్తాయని జర్మనీలో గెయోర్గ్ పెర్తెస్ 1903లోనే కోడిపిల్లల రెక్కల మీద చూపించాడు. పిల్లలకు కరెంటు పెట్టే వైద్యులకు అది దశాబ్దాలుగా గుండెదడ. మేయో క్లినిక్‌లో మార్క్ కోవెంట్రీ, పాల్ స్కాన్‌లన్ ఆ దోషాన్నే మందు చేసుకున్నారు. 1981లో వాళ్లు ప్రచురించిన మోతాదు 20 గ్రే (రేడియేషన్ కొలిచే ప్రమాణం), పది విడతల్లో.

ఈ పనికి ఇవాళ వాడే లినాక్ అనే రేడియేషన్ యంత్రానికి మూలం రెండో ప్రపంచయుద్ధకాలపు రాడార్. శత్రు విమానాలను పసిగట్టడానికి తయారైన మైక్రోవేవ్ గొట్టాలు, యుద్ధం ముగిశాక ఎలక్ట్రాన్లను తరిమే పనికి కుదిరాయి. ఆ ఉరుకులో ఎలక్ట్రాన్లు లోహపు బిళ్లను గుద్దితే, లోతుకు దిగే ఎక్స్ కిరణాలు పుడతాయి. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో 1953లో తొలి రోగికి చికిత్స మొదలైంది. తర్వాత యంత్రం బలపడుతూ పోయింది. తుంటికిచ్చే మోతాదు మాత్రం చిక్కుతూ వచ్చింది. ఇరవై పది అయింది, అయిదు విడతల్లో. చివరికి ఒకే ఒక్క విడతలో 7 లేదా 8 గ్రే చాలని తేలింది. కేన్సర్ గడ్డలకు 60, 70 దాకా వెళ్లే సందర్భాలున్నాయి మరి.

బలం కన్నా వేళ ముఖ్యమని అలా బయటపడింది. ఆపరేషన్ అయిన మూడు రోజుల్లోపు ఇవ్వాలి. ఆ తర్వాత మేస్త్రీలు పనిలోకి దిగిపోతారు, కిరణం వాళ్లను వెనక్కి పిలవలేదు. ఆపరేషన్‌కు కొద్ది గంటల ముందే ఇచ్చినా పనిచేస్తుందని తర్వాత తెలిసింది. పచ్చి గాయంతో మనిషిని బల్లల మీదికి మార్చే బాధ తప్పింది. నా మటుకు ఈ కథలో అన్నిటికన్నా మానవీయమైన మెరుగుదల ఇదే.

అందరికీ పెట్టరు. ఒకసారి ఇలా ఎముక మొలిచినవాళ్లకు, వెన్ను బిగుసుకునే కీళ్లవాతం ఉన్నవాళ్లకు, అలా ముప్పు ఎక్కువున్నవాళ్లకే. ఇండోమెథాసిన్ మాత్రలు వారాలపాటు వాడటం మరో దారి. చవకే గానీ కడుపును పుండు చేయగలవు. చిన్న వయసువాళ్లయితే, ఎంత స్వల్పమైనా భవిష్యత్తులో కేన్సర్ ముప్పు ఉంటుందని వైద్యులు వెనకాడతారు. పైగా కావలసిన ఎముకకూ అక్కర్లేని ఎముకకూ తేడా కిరణానికి తెలియదు. సిమెంటు లేకుండా బిగించిన కృత్రిమ కీలులోకి మన ఎముక అల్లుకోవాలి కాబట్టి ఆ భాగాన్ని అడ్డుపెట్టి కాపాడతారు. విరిగిన మోచేతులపై 2010లో ప్రచురితమైన ఒక అమెరికా పరీక్షను మధ్యలోనే ఆపేశారు: కరెంటు పెట్టినవాళ్లలో, పెట్టనివాళ్లకన్నా ఎక్కువమందికి విరిగిన చోట ఎముక అతకలేదు.

మోచేయి అంటే గుర్తొచ్చింది. దెబ్బ తగిలిన మోచేతిని నూనె రాసి గట్టిగా మర్దనా చేయడం మన ఊళ్లలో ఇంకా ఉంది. కండలో ఎముక మొలవడానికి అదీ దారేనని ఎముకల డాక్టర్లు మొత్తుకుంటూనే ఉంటారు. దాన్ని ఆపడానికి లినాక్ అక్కర్లేదు, చేయి పట్టకుండా ఉంటే చాలు.