కొలతా, తూకమా?

పల్లెల్లో జొన్నలకు మానిక, కుంచం. కరీంనగర్‌లో వెండి తీగపని చేసేవారికి తక్కెడ. జొన్నలు పిడికెడు ఎక్కువతక్కువైతే ఎవరూ పట్టించుకోరు, వెండి దగ్గర మాత్రం ఊరుకోరు. తూటాలో మందు నింపేవారిదీ ఇదే పేచీ. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం కనుక, ఆదిలాబాద్‌లో ఇంటి బల్ల మీద ఈ పని సాగదు. అమెరికాలో మాత్రం ఇది చాలామందికి కాలక్షేపం. వాళ్లు కొనే పరికరాల వెనుక ఉన్న భౌతికశాస్త్రం మనకూ ఆసక్తికరమే.

భర్మార్ తుపాకీలో నల్ల తుపాకీమందు పోసేవాడికి చిన్న గిన్నె కొలత చాలు. పీడనం పెరిగినా ఆ మందు మండే వేగం పెద్దగా మారదు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియేల్ చేసిన పొగలేని మందు అలా కాదు. పీడనం పెరిగితే మరింత వేగంగా మండుతుంది, అలా మండితే పీడనం ఇంకా పెరుగుతుంది. కాస్త ఎక్కువ పడినా తుపాకీ గొట్టం పగిలే ప్రమాదం ఉంది. అందుకే తూటాలు నింపేవాళ్ల లెక్క గ్రెయిన్లలో నడుస్తుంది. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు, అంటే గురిగింజ ఎత్తులో సుమారు సగం. సాధారణ డిజిటల్ స్కేలు అందులో పదో వంతు దాకా చూపిస్తుంది.

రోజూ ఎక్కువగా వాడేది డ్రమ్ము కొలత. పైన తొట్టి, కింద తిరిగే డ్రమ్ములో ఒక గుంట. పిడి తిప్పితే గుంటలో నిండిన మందు తూటా గొట్టంలోకి జారుతుంది. ఇక్కడ చిక్కంతా గింజ ఆకారంతోనే. గుండ్రటి గింజలు నీళ్లలా పారతాయి. కాడల్లాంటి పొడుగు గింజలు గుంట అంచు దగ్గర అడ్డంపడి కత్తిరించుకుపోతాయి. ఒక్కోసారి ఒకదాన్నొకటి ఆనుకుని తోరణంలా నిలిచిపోతాయి కూడా. తొట్టిలో మందు ఎత్తు మారితే గుంటలో గింజలు కుదురుకునే తీరూ మారుతుంది. లోపల అడ్డు రేకు పెట్టేది అందుకే. నిజానికి గింజల రాశి అడుగున బరువు నీటిలో మాదిరిగా ఎత్తుతోపాటు పెరుగుతూ పోదు, చాలావరకు గోడలే మోస్తాయి. దీన్ని 1895లో జర్మన్ ఇంజినీరు యాన్సెన్ ధాన్యపు గాదెల్లో లెక్కగట్టాడు.

ఆదిలాబాద్ చలికాలం లాంటి పొడి గాలిలో మరో తంటా. ప్లాస్టిక్ గోడలకు స్థిరవిద్యుత్తు పుట్టి సన్న గింజలు అంటుకుపోతాయి. లోహపు తొట్టిని భూమికి కలిపితే ఆ గొడవ తగ్గుతుంది. స్కేలుకైతే ఫ్యాను గాలే శత్రువు, అది తిరుగుతుంటే అంకెలు ఆడుతూనే ఉంటాయి.

కాబట్టి ధర చూసి కాదు, వాడే మందు చూసి పరికరం కొనాలి. పొడుగు గింజలతో రైఫిల్ తూటాలు నింపేవాడు డ్రమ్ముతో కాస్త తక్కువ వంచి, మిగతాది ట్రిక్లర్ అనే చిన్న గొట్టంతో గింజ గింజగా రాలుస్తూ తూచుకుంటాడు. గుండ్రటి గింజలతో పిస్టల్ తూటాలు నింపేవాడికి డ్రమ్ము చాలు. కొన్నింటికొకసారి తూచి, ఒకే తూటా గొట్టంలో మందు రెండుసార్లు పడలేదని వెలుతురులో లోపలికి చూసుకోవాలి.