రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు?

జూలూరుపాడు చుట్టుపక్కల పల్లెల్లో ఇంటికొచ్చి ఆరోగ్యం అడిగేది ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. ఇద్దరూ ఆడవాళ్లే. కూతురి ఈడు మనిషి బీపీ చూసి, షుగర్ చూసి, ఇంకేమన్నా ఇబ్బందా తాతా అంటే, ఒంటేలు సరిగా రావడం లేదని డెబ్బై ఏళ్లాయన చెబుతాడా? చాలాసార్లు ఆ మాట బయటపడేది మూత్రం పూర్తిగా బందైన రాత్రే. ఇది వయసు తెచ్చే బాధే గానీ, దాన్ని ముదరబెట్టేది మొహమాటం.

మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. పడుచుతనంలో 20 గ్రాములకు అటూఇటూగా ఉండేది నలభై దాటాక మెల్లగా పెరుగుతుంది, కొందరిలో నాళాన్ని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది, మొదలవడానికి నిలబడాల్సి వస్తుంది, పోసొచ్చినా ఇంకా ఉన్నట్టే ఉంటుంది. పూడిన పైపులోకి నీళ్లు తోసే మోటారులా మూత్రాశయం కొన్నేళ్లు బలమంతా పెట్టి, ఆఖరికి అలిసిపోతుంది. మిగిలిపోయిన మూత్రంలో ఇన్‌ఫెక్షన్, రాళ్లు. ఇంకా ముదిరితే ఒత్తిడి కిడ్నీల మీద. ఆ చివరిది నొప్పి లేకుండానే జరగొచ్చు, అసలు భయపడాల్సింది దానికే.

ముసలితనంలో ఇది మామూలేగా అంటారు. కళ్లు మసకబారడమూ మామూలే. అయినా 2018లో కంటి వెలుగు శిబిరాలు పెడితే జనం వెళ్లి చూపించుకున్నారు కదా. మాటిమాటికీ వెళ్లాల్సొస్తుందని పత్తి, మిరప చేలల్లో పగలు నీళ్లు మానేయడం మరీ పొరపాటు: ఈ ఎండలకు మూత్రం చిక్కబడి రాళ్లకు దారి. తగ్గించుకోవాల్సింది పడుకోబోయే ముందు తాగే నీళ్లు, టీ, మద్యం.

డాక్టరు దగ్గరికెళ్తే క్యాన్సర్ అంటారేమోనన్న భయం ఇంకొకటి. గ్రంథి మామూలుగా ఉబ్బడం క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. కాకపోతే షుగర్, రాళ్లు, ఇన్‌ఫెక్షన్, అరుదుగా క్యాన్సర్ కూడా ఇవే లక్షణాలు చూపొచ్చు గనుక పరీక్ష చేస్తే తప్ప తేలదు. ప్రోస్టేటే అయితే చాలామందికి మాత్రలతోనే సరిపోతుంది. టామ్సులోసిన్ కొద్ది రోజుల్లోనే దారి వదులు చేస్తుంది, లేచి నిలబడేటప్పుడు కళ్లు తిరగొచ్చు. గ్రంథిని చిన్నది చేసే ఫినాస్టరైడ్‌కు ఆరు నెలలైనా ఓపిక పట్టాలి. ఆపరేషన్ తప్పకపోయినా మామూలుగా పొట్ట కోయరు, మూత్రనాళం గుండానే గ్రంథిని చెక్కుతారు. మగతనం పోతుందన్న మాటలో నిజం తక్కువ: చాలామందిలో స్తంభన తగ్గదు, వీర్యం మాత్రం వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. ఈ సంగతి ముందే చెప్పించుకోవడం రోగి హక్కు.

మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అవసరమైతే కొత్తగూడెం, ఖమ్మం. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వెళ్లేముందు మూడు రోజులు పగలెన్నిసార్లు, రాత్రెన్నిసార్లు పోయారో కాగితం మీద గీతలు పెట్టుకోండి. నోటితో చెప్పలేనిది ఆ గీతలే చెబుతాయి. వాడే మాత్రలన్నీ చూపించండి. జలుబుకు కొట్లో కొనే కొన్ని బిళ్లలకే మూత్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. అలా చుక్క రాక పొత్తికడుపు ఉబ్బితే తెల్లారేదాకా ఆగొద్దు. ఆసుపత్రిలో గొట్టం వేస్తే నిమిషాల్లో ఉపశమనం.