లినక్స్ స్థాపన – దోషమును కనుగొను విధము

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చుచు వచ్చిన సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 కోరు టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము అనేక పాత ల్యాప్‌టాపులలో లేదు. చక్కగా పనిచేయు యంత్రమును మూలబెట్టుటకు ఇష్టపడనివారికి లినక్స్ ఒక మార్గము. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీనిని ప్రారంభించెను. దీనిని ఉచితముగా పొందవచ్చును. కాని స్థాపన ఒక్కొక్కప్పుడు నడుమనే ఆగిపోవును, తెర నల్లబడును, లేదా ఏమియు జరుగనట్లు పాత విండోసే ప్రత్యక్షమగును. అప్పుడు యంత్రము చెడినదని నిరాశ చెందనక్కరలేదు. ఎక్కడ ఆగినదో గమనించినచో, ఎందుకు ఆగినదో చాలవరకు తెలియును.

దీపముల వరుస

కంప్యూటరు మేల్కొనుట, ఒక దీపముతో మరియొక దీపమును వెలిగించుట వంటిది. మీట నొక్కగనే ముందుగా మదర్‌బోర్డు మీది చిప్పులో నున్న ఫర్మ్‌వేర్ మేల్కొని మెమరీని, కీబోర్డును పరీక్షించును. పిమ్మట అది డిస్కులోని బూట్‌లోడరును వెదకి పని నప్పగించును. లినక్స్‌లో సాధారణముగా ఈ బూట్‌లోడరు పేరు గ్రబ్. గ్రబ్ కెర్నెలును మెమరీలోనికి తెచ్చును. కెర్నెలు తెర, డిస్కు మొదలగు అంగములను గుర్తించి, మిగిలిన కార్యక్రమములను నడిపించును. చివరగా వెలిగిన దీపమేదో తెలిసినచో, దోషము దాని తరువాతి చోటనే వెదకవలెను.

పనికి ముందు

దోషము కన్న తొందరపాటే ఎక్కువ నష్టము చేయును. డిస్కునంతటిని తుడిచివేయు ఎంపికను పొరపాటున నొక్కినచో, సంవత్సరముల తరబడి దాచుకొన్న పాఠములు, ఫొటోలు పోవును. కావున ముఖ్యమైన ఫైళ్లను ముందుగా వేరొకచోట భద్రపరుపవలెను. విండోస్ డిస్కు బిట్‌లాకర్‌తో తాళము వేయబడియున్నచో, దాని 48 అంకెల రికవరీ కీని కాగితముపై వ్రాసికొనవలెను. ఫర్మ్‌వేర్ అమరికలను మార్చిన తరువాత విండోస్ దానిని అడుగవచ్చును.

లక్షణములు, కారణములు

పెన్‌డ్రైవునుండి యంత్రము మేల్కొననిచో, మొదట పెన్‌డ్రైవునే శంకింపవలెను. దిగుమతి చేసికొన్న ఐ.ఎస్.ఓ. ఫైలునకు ఎస్.హెచ్.ఏ.-256 అను లెక్క కట్టినచో 64 అక్షరముల ఫలితము వచ్చును. ఫైలులో ఒక్క బిట్టు మారినను ఈ ఫలితము పూర్తిగా మారిపోవును. కావున తయారీదారులు ప్రకటించిన దానితో ఇది సరిపోలవలెను. ఆ ఫైలును మామూలుగా కాపీ చేసిన చాలదు. రూఫస్ వంటి సాధనముతో పెన్‌డ్రైవుపై వ్రాయవలెను. పెన్‌డ్రైవు సరిగా నున్నను ఫర్మ్‌వేర్ నిరాకరించినచో, సెక్యూర్ బూట్‌ను పరిశీలింపవలెను. అది తాను నమ్మిన సంతకము లేని బూట్‌లోడరును నడువనీయదు. ఉబుంటు, ఫెడోరా వంటివి అట్టి సంతకముతోనే వచ్చుచున్నవి.

స్థాపన మొదలైనను లోపలి డిస్కు కనబడనిచో, దాని అమరిక రెయిడ్ లేక ఇంటెల్ ఆర్.ఎస్.టి. పద్ధతిలో ఉండవచ్చును. ఏ.హెచ్.సి.ఐ. పద్ధతికి మార్చినచో తరచుగా డిస్కు కనబడును. కాని విండోస్‌ను ముందుగా సిద్ధపరుపక ఈ మార్పు చేసినచో అది లేవకపోవచ్చును. విండోస్‌ను కూడ ఉంచుకొనదలచినవారు ఇచ్చట జాగ్రత్త వహింపవలెను.

స్థాపన ముగిసియు విండోసే నేరుగా వచ్చుచున్నచో, లినక్స్ పోయినదని కాదు. ఫర్మ్‌వేర్‌లోని బూట్ వరుసలో విండోస్ ముందున్నదని అర్థము కావచ్చును. బయోస్, యు.ఇ.ఎఫ్.ఐ. అను రెండు పద్ధతులు గల యంత్రములలో మరియొక చిక్కు కలదు. విండోస్ ఒక పద్ధతిలో, లినక్స్ వేరొక పద్ధతిలో స్థాపితమైనచో, గ్రబ్ జాబితానుండి విండోస్‌ను ప్రారంభించుట సాధ్యము కాదు. రెండును ఒకే పద్ధతిలో ఉండవలెను.

"గ్రబ్ రెస్క్యూ" అను మాట తెరపై నిలిచినచో, బూట్‌లోడరు మేల్కొన్నది గాని తన మిగిలిన భాగమును కనుగొనలేకున్నది. పెన్‌డ్రైవునుండి లినక్స్‌ను నడిపి గ్రబ్‌ను తిరిగి స్థాపింపవచ్చును. దీనికై డిస్కును తుడువనక్కరలేదు.

గ్రబ్ జాబితా కనబడి, పిదప తెర నల్లబడినచో, దీపము కెర్నెలు వరకు వచ్చినదన్నమాట. తరచుగా ఇది గ్రాఫిక్స్ చిప్పు చిక్కు. జాబితాలో "ఇ" అను ఇంగ్లీషు అక్షరపు మీట నొక్కి, లినక్స్ అను మాటతో మొదలగు పంక్తి చివర "నోమోడ్‌సెట్" అను పదమును ఇంగ్లీషు లిపిలో చేర్చి, ఎఫ్ 10 మీట నొక్కవలెను. ఈ మార్పు ఆ ఒక్క పర్యాయమునకే వర్తించును. తెర వెలిగినచో దోషము గ్రాఫిక్స్ డ్రైవరుదని తేలును. తగిన డ్రైవరును స్థాపింపవచ్చును. వెలుగనిచో వేరొక కారణమును వెదకవలెను.

ఒక్కొక్క మార్పు

ఒకేసారి నాలుగు అమరికలను మార్చినచో, యంత్రము బాగుపడినను ఏది బాగుచేసినదో తెలియదు. చెడినచో ఏది చెరచినదో తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చి, ఫలితమును నోటు పుస్తకములో వ్రాసికొనుట ఉత్తమము. ప్రయోగశాలలో ఒక రాశిని మాత్రము మార్చి తక్కినవాటిని స్థిరముగా నుంచుటయు ఇట్టిదే. ఆ పద్ధతిని విద్యార్థులకు నేర్పుటకు, మొరాయించిన పాత ల్యాప్‌టాపు కూడ మంచి పరికరమే.