పొలము గట్టున ఎండ్రకాయ

సాయంకాలము నిండుగ నీరు కట్టిన మడి తెల్లవారుసరికి ఎండియుండుట రైతులకు క్రొత్తగాదు. గట్టు క్రింద వెదకినచో నొక బొక్కయు, దాని నోట మట్టి యుండలును కానవచ్చును. అది ఎండ్రకాయ చేసిన పని. 1967లో నాగార్జునసాగరము ఎడమకాలువకు నీరు వదలిన పిమ్మట కోదాడ, మిర్యాలగూడ, మేళ్లచెరువు ప్రాంతములలో వరిసాగు విస్తరించెను. నీరు నిలుచు మడులు ఎండ్రకాయకు అనుకూలమైన నివాసములు. దాని నడవడి నెఱిగిననే గాని దాని నరికట్టజాలము గనుక ఆ విషయము నిచట విన్నవించుచున్నాము.

ఎండ్రకాయ రొయ్యకు జ్ఞాతి. దానికి పది కాళ్లు గలవు. ముందరి జత పట్టుకారువలె నుండును. మొప్పలతో శ్వాసించును గాన అవి తడిగా నుండవలెను. అందుచేత పగలు బొక్కలో దాగి రాత్రులు వెలువడును. వేసవిలో తడి తగులువరకు లోతుగా త్రవ్వుకొని తొలకరివరకు అందే యుండును. క్రొత్తగా నాటిన లేత నారును నీటి మట్టమునకు సమీపమున కత్తిరించును.

దేహము పెరిగినను పైచిప్ప పెరుగదు. కావున పాము కుబుసమువలె చిప్పను విడుచును. క్రొత్త చిప్ప గట్టిపడువరకు మెత్తగా నుండి బొక్క విడిచి రాదు. విరిగిన కాలు చిప్ప విడిచినప్పుడెల్ల కొంత కొంతగా మరల మొలచును. కాలు విరిచి విడిచిపెట్టుట వ్యర్థము. ఓజియోటెల్ఫ్యూసా సెనెక్స్ అను పొలపు ఎండ్రకాయనుగూర్చి తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమున పెక్కు పరిశోధనలు జరిగినవి. చిప్ప విడుచుటను ఆపియుంచు రసము కంటి కాడలలో పుట్టునని శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి.

సముద్రపు పీతల పిల్లలు మొదట వేఱు రూపమున నీట తేలియాడును. పొలపు ఎండ్రకాయ పిల్లలో, గ్రుడ్డునుండి చిన్న ఎండ్రకాయలుగనే వెలువడి, కొన్నాళ్లు తల్లి పొట్టమడతనే అంటియుండును. కావున గ్రుడ్లతో నున్న తల్లిని పట్టినచో సంతానమంతయు పట్టుబడును.

మన తూర్పు తీరమున వలలకు చిక్కు మాంటిస్ ష్రింప్ అను జీవియు దీనికి దూరపు జ్ఞాతియే. అదియు బురదలో బొక్కచేసి, ద్వారమున పొంచి, మడచిన ముందరి కాళ్లను రెప్పపాటుకంటె వేగముగ చాచి ఎరను పట్టును. మన ఎండ్రకాయకు అంత వేగము లేదు. దాని బలము త్రవ్వుటయందే కలదు.

ఇక నివారణ. నాట్లకు ముందు గట్ల ప్రక్కలు చెక్కి బురదతో మెత్తవలెను. బొక్క నోరు మాత్రము మూసిన ప్రయోజనము లేదు; కొనవరకు త్రవ్వి మట్టి దట్టించవలెను. కుండను నోరు నేలకు సమముగ పాతి అందు తవుడు వేసినచో రాత్రి అందులో పడును. ముదురు నారు నాటి, తొలిదినములలో నీరు పలుచగ నుంచుట మేలు.

కొందరు బొక్కలలో గుళికల మందు పోయుదురు. ఇది కూడదు. వానిలో నొకటియగు ఫోరేటు 2020 డిసెంబరు 31 నుండి నిషిద్ధము. ఆ విషము క్రింది మడికి, చేపలకు, పశువులకు చేరును. మందు తగిలిన ఎండ్రకాయను కూలివారు తెలియక వండుకొన్నచో వారి ప్రాణములకే ముప్పు. మంచి ఎండ్రకాయనైనను బాగుగ ఉడికించియే తినవలెను. పచ్చివి తినుటచే ఊపిరితిత్తులలో పురుగు చేరు వ్యాధి మణిపురమున కనబడినది.

గట్టు ఇద్దరిది. ఒకరు పూడ్చి రెండవవారు ఉపేక్షించినచో బొక్క మరల పడును. ఒక కాలువ క్రింది రైతులందరు ఒకే వారమున గట్లు బాగుచేసికొన్నచో చివరి మడికిని నీరందును.