12 కిలోమీటర్లు, అరగంట పైమాటే

మ్యాప్ మీద స్కేలు పెట్టి చూస్తే జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న ఎష్‌బోర్న్‌కు నేరుగా దక్షిణాన, 12 కిలోమీటర్లలో ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం. లోకల్ రైలెక్కితే మాత్రం ముందు ఫ్రాంక్‌ఫర్ట్ ఊళ్లోకి లాక్కెళ్తుంది, అక్కడ దిగి ఇంకో బండి పట్టుకోవాలి. అలా అరగంట దాటిపోతుంది. ఆ అరగంటలో పైన ఎగిరే విమానం 400 కిలోమీటర్లు పోతుంది.

ఒకప్పుడు ఎష్‌బోర్న్‌కూ సొంత రన్‌వే ఉండేది. రెండో ప్రపంచయుద్ధం నాటి సైనిక విమానక్షేత్రం అది. 1945లో అమెరికన్ సైన్యం చేతికి చిక్కి వై-74 అనే కోడ్ పేరు తెచ్చుకుంది. ఆ నేలలో కొంతభాగం ఇప్పుడు వృక్షవనం.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లండన్ హీత్రోకు గీత గీస్తే సుమారు 655 కిలోమీటర్లు. టికెట్ మీద గంటా నలభై నిమిషాలని వేస్తారు. గాల్లో ఉండేది గంటంబావు, మిగతాదంతా నేల మీద పాకడమే. గమ్మత్తేమిటంటే లండన్ గడియారం ఒక గంట వెనక. ఉదయం 8కి బయల్దేరితే అక్కడ 8.40కే దిగుతారు. తిరుగు ప్రయాణంలో ఆ గంట వడ్డీ లేకుండా వసూలవుతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్ పేరు పెట్టుకున్న ఇంకో విమానాశ్రయం ఉంది, హాన్. అది వేరే రాష్ట్రంలో, నగరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో. హైదరాబాద్ అని బోర్డు పెట్టి సూర్యాపేట దాకా తీసుకెళ్లినట్టన్నమాట. చౌక టికెట్ చూసి ఎగిరి గంతేసేముందు మూడక్షరాల కోడ్ చూసుకోండి: ఎఫ్ఆర్ఏ వేరు, హెచ్‌హెచ్‌ఎన్ వేరు.

కొలోన్‌కు విమానమే అక్కర్లేదు. 2002లో గంటకు 300 కిలోమీటర్ల వేగంతో రైలు దారి తెరిచారు, గంటలో చేరుస్తుంది. లుఫ్తాన్సా 2007లో ఆ విమానాన్ని ఆపేసింది. రైలు సీటునే విమానం నంబరుతో అమ్మింది!

స్కాట్లాండ్ ఉత్తరాన వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే దీవుల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. ప్రపంచంలోకెల్లా పొట్టి షెడ్యూల్డ్ విమానయానం అదే, షెడ్యూలు రెండు నిమిషాలు. రికార్డు 53 సెకన్లు. బెల్టు బిగించుకునేసరికి దిగమంటారు.

ఇక మన దారి. 2024 జనవరి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్–హైదరాబాద్ నేరు విమానం మళ్లీ ఉంది. గ్లోబు మీద ఈ రెండూళ్ల మధ్య దారం లాగిపట్టి చూడండి, సుమారు 7,100 కిలోమీటర్లు. హైదరాబాద్ ఆగ్నేయాన కదా అనుకుంటాం, దారం మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దాదాపు సూటిగా తూర్పుకే బయల్దేరి మెల్లగా దక్షిణానికి వంగుతుంది. అది ఉక్రెయిన్ మీదుగా పోతుంది. 2022 ఫిబ్రవరి నుంచి ఆ గగనతలం మూసేశారు కాబట్టి విమానం పక్కకు ఒదిగి పోవాల్సిందే.

గడియారాల తేడా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. ఎష్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్లు ఊళ్లో అమ్మకు ఏడాదికి రెండుసార్లు దీన్ని మొదట్నుంచీ విడమరిచి చెప్పాల్సి వస్తుంది.