పసిపిల్లలకు అధ్యక్షుని ప్రత్యుత్తరము

2008వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన న్యూయార్కు నగరమందలి సోథెబీస్ వేలముశాలలో ఒక చిన్న కాగితము అమ్మకమునకు వచ్చెను. దానిపై నున్నవి కొలది పంక్తులు మాత్రమే. అందు యుద్ధవ్యూహము లేదు, రాజ్యరహస్యము లేదు, సంధిపత్రములకుండు ఆడంబరమును లేదు. అయినను, పేరు వెల్లడింపని ఒక సంగ్రాహకుడు టెలిఫోను మూలమున పాట పాడి, 34 లక్షల డాలర్లకు, అనగా నాటి మారకపు లెక్కను సుమారు 13.5 కోట్ల రూపాయలకు, దానిని దక్కించుకొనెను. అంతవరకు అమెరికా వ్రాతప్రతులలో ఏదియు వేలమున అంత వెల పలికి యుండలేదు. 1864వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన అబ్రహాం లింకన్, అధ్యక్షపదవిలో నుండి, స్వహస్తమున వ్రాసిన లేఖ అది.

ఆ లేఖ పుట్టుటకు కారణము పిల్లలు. మసాచుసెట్స్ రాష్ట్రమందలి కాంకర్డ్ చిన్న ఊరే గాని, ఎమర్సన్, థోరోల వంటి మహామనీషులకు నివాసమై, దాస్యవిమోచనోద్యమమునకు పెట్టనికోటయై వెలసిన ఊరు. అంతర్యుద్ధము మూడేండ్లు నిండవచ్చు తరుణమున ఆ ఊరి బాలబాలికలు 195 మంది, దేశమందలి బానిసబిడ్డల నందరను విడిపింపవలసినదని అధ్యక్షునకు విన్నపము పంపుచు, తమ లేత చేతులతో సంతకములు చేసిరి. విన్నపమునకు తలకట్టు వ్రాసిన యామె మేరీ మాన్. అమెరికాలో సర్వజనులకును పాఠశాలావిద్య అందవలెనని జీవితాంతము పాటుపడిన హొరేస్ మాన్ మహాశయుని సహధర్మచారిణి. అప్పటికి ఆయన గతించి అయిదేండ్లు కావచ్చెను. బానిసత్వమును ఖండించి ప్రసంగించిన పాపమునకు 1856లో సెనేటు సభాభవనముననే చేతికర్రతో తల పగుల మోదబడియు పట్టు విడువని సెనేటరు చార్లెస్ సమ్నర్ ఆ కాగితములను కొనిపోయి లింకన్ చేతికిచ్చెను.

లక్షలాది సైనికుల చావుబ్రతుకుల భారము మోయుచున్న అధ్యక్షుడు ఆ విన్నపమును పక్కకు నెట్టలేదు. పిల్లల లేత హృదయములు న్యాయముతోను ఔదార్యముతోను నిండియున్నందుకు తనకు మిగుల సంతోషమనియు, వారడిగినదంతయు ఇచ్చు శక్తి తనకు లేదనియు, ఆ శక్తి భగవంతునికి కలదన్న మాట వారు మరువకుందురు గాక యనియు, ఆయన సంకల్పమును అట్లే యున్నట్లు తోచుచున్నదనియు, మేరీ మాన్ ద్వారా వారికి తెలియజేసెను.

పైపైన చదివినవారికి ఇది పెద్దలు పిల్లలను అనునయించు మాటగా తోపవచ్చును. నాటి శాసనస్థితి నెరిగి చదివినచో, ఆ నిరాడంబరవాక్యమున ఎంత నిజము ఇమిడియున్నదో బోధపడును. 1863 జనవరి 1వ తేదీన లింకన్ వెలువరించిన విమోచన ప్రకటన, సర్వసైన్యాధిపతిగా తనకు గల యుద్ధకాలాధికారమును ఆధారము చేసికొని, తిరుగుబాటు చేసిన ప్రాంతములందలి బానిసలకు మాత్రమే స్వేచ్ఛ ప్రసాదించెను. సమాఖ్యను వీడక నిలిచిన కెంటకీ, మిస్సోరి, మేరీలాండ్, డెలావేర్ రాష్ట్రములను అది తాకలేదు. అచ్చటి తల్లుల ఒడిలోని బిడ్డలు చట్టప్రకారము యజమానుల సొత్తు. వారిని విడిపించు అధికారమును రాజ్యాంగము అధ్యక్షునకు ఈయలేదు. పిల్లలకు ఉత్తరము వ్రాయుటకు ముందునాడే, ఏప్రిల్ 4వ తేదీన, కెంటకీ పత్రికాసంపాదకుడు ఆల్బర్ట్ హాడ్జెస్‌కు వ్రాసిన దీర్ఘలేఖయందు లింకన్ ఈ సంకటమునే విప్పి చెప్పెను: బానిసత్వమే తప్పు కాకపోయినచో లోకమున తప్పన్నదే లేదనియు, అయినను తన అభిప్రాయమును బట్టి యథేచ్ఛగా వర్తించు హక్కు పదవివలన తనకు సంక్రమింపలేదనియు, సంఘటనలను తాను నడపితినని చెప్పుకొనజాలననియు, అవియే తన్ను నడిపినవనియు అందలి సారాంశము. సంపాదకునకు పుటలకొలది వివరించిన దానినే మరునాడు పిల్లలకు ఒక్క వాక్యమున చెప్పెను. పిల్లలని తక్కువచేసి అబద్ధపు ఆశ పెట్టలేదు. నా మట్టుకు, ఆ వేలముపాటలో అమ్ముడుపోయిన వస్తువు ఈ సత్యసంధతయే.

ఆ ఉత్తరము వ్రాసిన మూడవనాడు, ఏప్రిల్ 8న, బానిసత్వమును సమూలముగా రద్దుచేయు 13వ రాజ్యాంగ సవరణను సెనేటు ఆమోదించెను. ప్రతినిధుల సభ ఆమోదము 1865 జనవరి 31 వరకును లభింపలేదు. ఏప్రిల్ 14వ తేదీ రాత్రి తుపాకిగుండు తగిలి లింకన్ మరునాడుదయమున కన్నుమూసెను. డిసెంబరు 6వ తేదీకి రాష్ట్రముల ధ్రువీకరణ పూర్తియై, కెంటకీ, డెలావేర్లలో మిగిలిన బానిసలును స్వతంత్రులైరి. కాంకర్డ్ పిల్లలు అడిగినది అడిగినట్లు నెరవేరెను గాని, వారికి జవాబు వ్రాసినవాడు దానిని చూడలేదు.

ఇట్టి లేఖలకు వెల కట్టు విధానమును కొంత చెప్పవలసియున్నది. లేఖ మొత్తము స్వహస్తలిఖితమా, లేక కార్యదర్శి వ్రాయగా అధ్యక్షుడు సంతకము మాత్రము చేసెనా. పదవిలో నుండగా వ్రాసినదా. విషయమునకు చరిత్రతో గల సంబంధమెట్టిది. ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినది: వర్తకులు పరీక్షించునవి ప్రధానముగా ఇవియే. 1841 మార్చి 4న పదవి చేపట్టి సరిగా నెలకే మరణించిన విలియం హెన్రీ హారిసన్ అధ్యక్షునిగా సంతకము చేసిన సామాన్యమైన కాగితము సైతము అపురూపముగా ఎంచబడుట అరుదుదనము వలననే. సంతకమున్నంత మాత్రమున అధ్యక్షుని చేయి కాగితమును తాకినదని నమ్ముటకును వీలులేదు. 1833 నుండి భూమిపట్టాలపై అధ్యక్షుని పేరు కార్యదర్శులే వ్రాయుచుండిరి, గత శతాబ్దమున సంతకము చేయు యంత్రములే వచ్చినవి. పాత కాగితము సేకరించి, సిరాను నాటి రంగునకు తెచ్చి, లింకన్ దస్తూరిని పోల్చుకొనలేనంతగా అనుకరించిన జోసెఫ్ కోసీ వంటి కూటలేఖకులు పుట్టిన దేశమది. లింకన్ సాధారణముగా ఉత్తరములపై పేరులోని మొదటి అక్షరముతో ‘ఎ. లింకన్’ అనియు, ప్రభుత్వపత్రములపై పూర్తిపేరును వ్రాయువాడు. ఇట్టి చిన్న గురుతులే పరీక్షకులకు దారిదీపములు.

చరిత్రపత్రములు ధనికుల పెట్టెలలో చేరుట తగునా యని కొందరు ఆక్షేపింతురు. ఆక్షేపణ సహేతుకమే, అయినను సంగ్రాహకులను ఒక్కుమ్మడిగా దూషించుటకు నాకు మనసొప్పదు. జార్జి వాషింగ్టన్ తనకు వ్రాసిన జాబులను మార్తా వాషింగ్టన్ దాదాపు అన్నిటిని అగ్నికి ఆహుతి చేసెను. వెల తెలిసినచోట కాగితము పొయ్యిలోనికి పోదు. 1864 నవంబరులో బోస్టన్ నగరమందలి బిక్స్‌బీ అను తల్లికి, యుద్ధమున కుమారులను కోల్పోయినదని విని, లింకన్ పంపిన పరామర్శలేఖ లోకప్రసిద్ధమైనను, మూలప్రతి లభింపకపోవుటవలన అది ఆయన రచనయా, ఆయన కార్యదర్శి జాన్ హే రచనయా యను వివాదము నేటికిని తెగలేదు. కావున మూలమును కాపాడినవాడు, ధనము వెచ్చించి కాపాడినను, చరిత్రకు ఉపకారియే. కాని కాగితమునకు యజమానియైనంత మాత్రమున అందలి మాటకు యజమాని కాడు. పండితులకు చూపక, ప్రదర్శనకు ఈయక, ఇనుపపెట్టెలో దాచుట దోషమని నా నిశ్చితాభిప్రాయము.

మన దేశము ఈ విషయమున ఒక మంచి పని చేసినది. దక్షిణాఫ్రికాలో గాంధీమహాత్మునకు ఆప్తమిత్రుడైన హెర్మన్ కాలెన్‌బాక్ వద్ద నుండిన లేఖలు, పత్రములు 2012లో లండనులో ఇదే సోథెబీస్ వేలమునకు రానుండగా, భారతప్రభుత్వము పాటకు ముందే బేరమాడి కొని, ఢిల్లీలోని జాతీయ పత్రభాండాగారమునకు చేర్చెను. 1972 నాటి పురావస్తు చట్టము, 75 ఏండ్లు దాటిన విలువగల వ్రాతప్రతులను వ్యక్తులు దేశము దాటించుటను నిషేధించుచున్నది. అయినను, చట్టము ఇంటి అటకమీదికి ఎక్కి చూడజాలదు.

తెలుగు మాతృభాషగా గల మువ్వురు, సర్వేపల్లి రాధాకృష్ణన్, వరాహగిరి వేంకటగిరి, నీలం సంజీవరెడ్డి, రాష్ట్రపతి పీఠము నలంకరించిరి. ఒకరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపకులపతిగా నుండి విద్యార్థులను, మరియొకరు కార్మికసంఘములను నడిపి రైల్వే పనివారిని, ఇంకొకరు ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రియై పల్లెప్రజలను ఎరిగినవారు. వారి జాబు ఏదైనను మీ ఇంట నున్నచో, దానిని జిగురుతో అంటింపకుడు, ప్లాస్టిక్కు పొరలో బిగింపకుడు. కవరును పారవేయక దానితోనే ఉంచి, అది ఎవరికి, ఏ సందర్భమున వచ్చినదో పెద్దలు బ్రతికియుండగనే అడిగి వేరొక కాగితముపై వ్రాసిపెట్టుడు. అమ్ముకొనదలచినచో అమ్ముకొనుడు, కాని అంతకు ముందు దాని ఛాయాచిత్రమునొక దానిని రాష్ట్ర పత్రభాండాగారమునకు గాని, మీకు దగ్గరలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు గాని అందజేయుడు.